సరస్సు వైపు వీచిన గాలి

రష్యాలోని ర్యజాన్ పట్నంలో దర్జీ కార్ఖానాలో తైసియా పనిచేసే రోజుల్లో, ఆదివారం సాయంత్రాలు డాన్సు హాలుకి విమానాల్లోంచి దూకే పారాట్రూపర్ల కాలేజీ కుర్రాళ్లు గుంపులుగా వచ్చేవారు. అందరూ ఆడేవారు గానీ ప్లతోన్ జబోరిన్ మాత్రం గోడకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటూ నిలబడేవాడు. డాన్సు రానివాడివి ఇక్కడికెందుకొచ్చావని ఒకరోజు తైసియా అడిగింది. బయట చలిగా ఉందన్నాడు. ఆ జవాబుకే ఆమె పడిపోయిందని తర్వాత స్నేహితురాళ్లు నవ్వేవారు. భుజం మీద లెఫ్టినెంట్ నక్షత్రాలు పడిన వారానికే పెళ్లయింది.

తర్వాత బతుకంతా పెట్టెలు సర్దుకోవడమే. మధ్య ఆసియా దుమ్ములో కొన్నేళ్లు, బాల్టిక్ వానల్లో కొన్నేళ్లు. అతను అఫ్గానిస్తాన్‌లో ఉన్నప్పుడు ఆమెకి కడుపు పోయింది. అతను తిరిగొచ్చేసరికి ఛాతీ మీద ఒక పతకం ఉంది, ఎడమ చెవి పనిచేయడం లేదు. బిడ్డ సంగతి ఆమె ఆ చెవి వైపు కూర్చుని చెప్పింది. అతను తల తిప్పి, మళ్లీ చెప్పమన్నాడు. ఆమె రెండోసారి చెప్పకుండా పొయ్యి వెలిగించడానికి లేచింది. ఆ రాత్రి ఇద్దరూ క్యాబేజీ సూపు తిని పడుకున్నారు.

ప్లతోన్ కల్నల్ అయి రెజిమెంటు చేతికొచ్చేనాటికి వాళ్లు జవోజెర్యే అనే చిన్న గ్యారిసన్ పట్నంలో, సైనిక స్థావరంలో ఉన్నారు. ఒకవైపు పైన్ అడవి, ఒకవైపు పెద్ద సరస్సు, మధ్యలో జవాన్లు పారాచూట్లతో దూకి దిగే మైదానం. కుట్టుపని తెలిసిన చెయ్యి కాబట్టి తైసియా పారాచూట్లు మడిచే హాల్లో చేరింది. ఎవరి పారాచూట్ వాళ్లే మడుచుకోవాలన్నది అక్కడి కట్టుబాటు. పొడవాటి బల్లల మీద కుర్రాళ్లు గుడ్డ పరుస్తుంటే ఆమె పక్కనే నడుస్తూ ప్రతి మడతా చూసేది. వాళ్లు ఆమెని తాయా పిన్ని అని పిలిచేవారు. తీఖోన్ లుచీనిన్ అనే వొలగ్దా పల్లెటూరి కుర్రాడికి తాళ్లు ఎప్పుడూ మెలిపడేవి. గొర్రెతోకలా చుట్టావేంరా అని ఆమె తిడితే, గొర్రెలైతే నేనే బాగా చూసుకుంటాను పిన్నీ అనేవాడు.

ఎనభై ఎనిమిది ఏప్రిల్లో మాస్కో నుంచి పెద్ద అధికారులు సైనిక విన్యాసాలు చూడటానికొచ్చారు. మైదానం పక్కన కొత్తగా చెక్కల వేదిక కట్టారు. ఆ పొద్దున తైసియా బంగాళదుంపలు వేయిస్తుండగా ఇంట్లో ఫోను మోగింది. ప్లతోన్ మంచి చెవికి రిసీవర్ ఆనించుకున్నాడు.

"గాలి ఎక్కువగా ఉంది, కామ్రేడ్ జనరల్," అన్నాడు. అవతలి మాట విన్నాడు. వేగే చప్పుడు అడ్డురాకుండా తైసియా పెనం మీద మూతపెట్టింది. మళ్లీ విన్నాడు. "అర్థమైంది. దూకుతాం."

రిసీవర్ పెట్టేసి, టోపీ తీసుకుని, దుంపలు తినకుండానే వెళ్లిపోయాడు. ఆమె వైపు చూడలేదు. తైసియా పొయ్యి ఆపి తనూ పనికి బయల్దేరింది.

దిగాక పారాచూట్లు పోగుచేసే లారీ దగ్గర ఆమె నిలబడింది. విమానాలొచ్చాయి. తలుపులోంచి మొదట దూకింది ప్లతోనే. అతని రెజిమెంటులో ఎప్పుడూ అంతే. తర్వాత ఆకాశం నిండా తెల్లటి గొడుగులు విచ్చుకున్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. ఆమె కళ్లు అలవాటు కొద్దీ గుడ్డలనే చూస్తున్నాయి కాబట్టి, అవన్నీ మైదానం దాటి పక్కకి జారిపోతున్నాయని గ్రహించడానికి కాస్త సమయం పట్టింది. గాలి సరస్సు వైపు వీస్తోంది. సరస్సు మీద మంచు అప్పటికే ఎండకి గుల్లబారి, నల్లబడి ఉంది.

ప్లతోన్‌ని గాలి నేల మీద ఈడ్చుకుపోయింది. తాళ్లు విడిపించుకుని లేచి, సరస్సుకేసి పరిగెత్తాడు. కోటు విసిరేసి, మంచు మీద బోర్లా పడుకుని పాకుతూ వెళ్లాడు. మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. మునిగిపోతున్న ఒక కుర్రాణ్ణి పట్టీలు పట్టుకుని లాగి, తను మునుగుతూ తేలుతూ ఒడ్డుకి తెచ్చాడు. ఆ కుర్రాడి పేరు అర్ఖీప్ దోల్గిఖ్. మళ్లీ వెళ్లబోతే నలుగురు పట్టి ఆపారు. ముగ్గురు కుర్రాళ్లు బయటికి రాలేదు. సాయంత్రానికి పడవలేసి వాళ్లని తీశారు. వాళ్లలో తీఖోన్ ఒకడు.

విచారణ సంఘం ముందు పారాచూట్ల హాలుకే వచ్చింది. అలాగే జరుగుతుందని హాల్లో అందరికన్నా పాత కార్మికురాలు రిమ్మా ముందే అంది.

"ముందు మన మీదకే వస్తారు చూస్తుండు. గుడ్డకి నోరు లేదు, మనకీ లేదనుకుంటారు."

తైసియాని కూర్చోబెట్టి మడతల గురించి అడిగారు. చెప్పింది. తాళ్ల గురించి, పట్టీల గురించి అడిగారు. అదీ చెప్పింది. ఫోను గురించి ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. బయటికొచ్చి మళ్లీ బల్ల దగ్గరికెళ్లి నిలబడింది.

శవపేటికని తీసుకుపోవడానికి తీఖోన్ తల్లి అన్‌ఫీసా వచ్చింది. పొట్టి మనిషి, బూడిదరంగు శాలువా. కొడుకు పనిచేసిన చోటు చూస్తానంటే హాలుకి తీసుకొచ్చారు. ఖాళీ బల్ల పక్కన కూర్చుని, కాసేపు దాన్ని అరచేత్తో రాసింది. తర్వాత తైసియాని అడిగింది:

"అమ్మా, వాడి పారాచూటు విచ్చుకుందా?"

"విచ్చుకుంది. చక్కగా విచ్చుకుంది."

"వాడే మడిచాడా?"

"వాడే."

"నయం," అంది అన్‌ఫీసా. "వాడికి ఏ పనీ సరిగ్గా చేతకాదని వాళ్ల నాన్న అనేవాడు. ఇంటికెళ్లి చెబుతాను."

వెళ్లేటప్పుడు సంచిలోంచి ఎండబెట్టిన పుట్టగొడుగుల దండ ఒకటి తీసి తైసియా చేతిలో పెట్టింది. ఆ దండ వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. వండటానికి మనసొప్పలేదు, పారేయడానికీ చేయి రాలేదు. ఊరు మారినప్పుడు గోడకే వదిలేశారు.

అనుకోకుండా లేచిన ఈదురుగాలి వల్ల జరిగిందని విచారణలో తేల్చారు. ప్లతోన్‌కి ఒక మందలింపు, దాని వెనకే, మంచు మీద పాకినందుకు ఒక పతకం వచ్చాయి. తైసియా హాలు పని మానేసి గ్యారిసన్ లైబ్రరీలో చేరింది. ఎందుకు మానేశావని ప్లతోన్ అడగలేదు. ఫోనులో ఏం విన్నావని ఆమె అడగలేదు. ఉప్పు అందించమని, బూట్లు తడిశాయని, రేపు నీళ్లు రావని మాట్లాడుకునేవారు. అలా మాట్లాడుకుంటూనే ఇరవై ఏళ్లు పైన గడిచాయి.

దేశం పేరు మారింది, జెండా మారింది, అతని ఉద్యోగం మారలేదు. డివిజన్‌లో పెద్దవాడయ్యాడు. జనరల్ అయిన రోజున ఆచారం ప్రకారం కొత్త నక్షత్రాల్ని వోద్కా గ్లాసులో వేసి తాగించారు. అతను గ్లాసు ఖాళీ చేసి నక్షత్రాల్ని పళ్లతో పట్టుకుంటే అధికారులు చప్పట్లు కొట్టారు. ఒక మేజర్ భార్య తైసియా చెవిలో, తండ్రి పేరు కూడా కలిపి మర్యాదగా, మీది పెట్టిపుట్టిన జన్మ తైసియా మకారొవ్నా అంది. తైసియా ఊరగాయ దోసకాయల పళ్లెం ఆమె వైపు జరిపింది. తర్వాత ప్లతోన్ కాకసస్ యుద్ధానికి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ నిద్ర తగ్గింది, పతకం పెరిగింది. ఆ పతకం కోసం ఆమె అతని కోటుకి కొత్త కన్నం పొడిచి అంచు కుట్టేది.

రిటైరయ్యాక ఇద్దరూ ర్యజాన్‌కే తిరిగొచ్చారు. ఊరి బయట చిన్న తోట, చెక్క ఇల్లు కొనుక్కున్నారు. ఏటా ఆగస్టు రెండున పారాట్రూపర్ల పండగకి అర్ఖీప్ వచ్చేవాడు. లారీ నడిపే మనిషి, ఇప్పుడు బట్టతల, బొజ్జ. చారల బనీను, నీలం టోపీ వేసుకుని చంకలో పుచ్చకాయతో దిగేవాడు. జనరల్‌ని 'నాన్నా' అనేవాడు. కొడుక్కి ప్లతోన్ అని పేరు పెట్టుకున్నాడు. ఈయన లేకపోతే నేను చేపలకి మేతనయ్యేవాణ్ణని పండగకొచ్చిన అందరితో చెప్పేవాడు. అప్పుడల్లా జనరల్ కత్తి తీసుకుని పుచ్చకాయ కోసేవాడు.

ఒక ఆగస్టున మిగతా వాళ్లు పండగ ఆనవాయితీ ప్రకారం ఊళ్లోని ఫౌంటెన్‌లో మునగడానికి వెళ్లిపోయారు. తోటలో బల్ల దగ్గర ముగ్గురే మిగిలారు. అర్ఖీప్ మళ్లీ ఆ చేపల మేత మాటే ఎత్తుకోగానే ప్లతోన్ కత్తి కింద పెట్టాడు.

"అర్ఖీప్, గాలి సంగతి నాకు తెలుసు. ఆ పొద్దునే తెలుసు. ఫోనులో వద్దనగలిగేవాణ్ణి. దూకుతాం అన్నాను."

తైసియా చేతిలోని టీ కప్పు అలాగే ఆగింది. ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట వినడం అదే మొదలు.

అర్ఖీప్ పుచ్చకాయ గింజ ఒకటి ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు.

"మాకూ తెలుసు నాన్నా," అన్నాడు. "విమానం ఎక్కేటప్పుడే తెలుసు. మైదానంలో గాలి జోరు చూపే గుడ్డ సంచీ కర్రలా అడ్డంగా నిలబడి ఉంది కదా. తీఖోన్‌గాడు చూపించి, ఇవాళ ఈత నేర్చుకుంటాం అన్నాడు. అందరం నవ్వాం."

"మరి ఎందుకు దూకారు?"

"మీరు దూకారుగా."

పక్క తోటలో ఎవరో నీళ్లు పెడుతున్నారు. కాసేపటికి అర్ఖీప్ లేచి, ఇంటి కప్పు మీద రేకు ఊడిందన్నారుగా, నిచ్చెన ఎక్కడుంది అని అడిగాడు. ప్లతోన్ చూపించాడు. అర్ఖీప్ పైనుంచి సుత్తితో కొడుతుంటే ప్లతోన్ కింద నిలబడి మేకులు అందించాడు.

ఆ మాట బయటపడితే గుండె మీది బరువు దిగుతుందని, లేదా పగులుతుందని తైసియా చాలా ఏళ్లుగా అనుకుంటూ ఉండేది. రెండూ జరగలేదు. టీ కప్పులు కడిగి బోర్లించింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం, ఆ ఫోను తనూ విన్నానని, విచారణలో చెప్పలేదని ప్లతోన్‌తో అంది. పనిచేసే చెవి వైపే ఉండి చెప్పింది.

"నువ్వు విన్నావని తెలుసు," అన్నాడు. "పెనం మీద మూత పెట్టావు."

రెండేళ్ల తర్వాత ఫిబ్రవరిలో ప్లతోన్ నిద్రలోనే పోయాడు. అంత్యక్రియల్లో గౌరవంగా తుపాకులు పేల్చారు. ఎర్ర దిండ్ల మీద పతకాలు మోసుకుంటూ కుర్రాళ్లు నడిచారు. ఎవరో కల్నల్ ఆయన ఉద్యోగ జీవితమంతా మొదటినుంచీ చదివాడు. జవోజెర్యే పేరు వచ్చి, అంతే వేగంగా దాటిపోయింది. అర్ఖీప్ పెద్దగా ఏడ్చాడు. తైసియా అతని భుజం తట్టింది. అందరూ ఆమె గుండె దిటవని అన్నారు.

యూనిఫారం కాలేజీ వాళ్లు అడిగితే ఇచ్చేసింది. ఉన్ని బూట్లు మాత్రం అర్ఖీప్‌కి ఇచ్చింది, అతని కొలతే. ఆ వసంతంలో అతను కొడుకుని వెంటేసుకొచ్చి తోట తవ్వి, బంగాళదుంపలు నాటి వెళ్లాడు.