సూదంటే భయపడిన మెంబరుగారు

పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్లకు సికింద్రాబాదులో ఒక చిన్న సర్కారు దవాఖానాలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. మా నాన్న మిషన్ బడిలో టీచరు. కూతురు తెల్లచీర కట్టుకుని పనికి వెళుతుంటే ఆయనకు మహా గర్వం. ఆ చీర సాయంత్రానికి ఏ రంగులో ఉండేదో అమ్మకే తెలుసు.

ఆ దవాఖానాను మా వార్డు మెంబరుగారు సొంత ఇల్లులా చూసుకునేవారు. నిజాం కాలంలో జెండా ఎత్తి జైలుకు వెళ్ళొచ్చిన మనిషి. ఆరడుగుల ఎత్తు, ఖద్దరు లాల్చీ, వీధి మొదట్లో ఉండగానే వినిపించే గొంతు. మిగతా నాయకులు పదవుల గురించి మాట్లాడుకుంటుంటే ఆయన మోరీలు, మరుగుదొడ్లు, బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు గురించి మాట్లాడేవారు. భోజనాల దగ్గర కూడా అదే మాట. అందుకే ఆయన్ని పెళ్లిళ్లకు పిలవడానికి జనం కాస్త జంకేవారు.

ఆ ఎండాకాలం ఊళ్లో కలరా భయం పట్టుకుంది. మోండా మార్కెట్లో అందరికీ సూదులు వేయాల్సిందేనని మెంబరుగారు పట్టుబట్టారు. పొద్దున్నే ఒక బల్ల, స్టవ్వు, మరగబెట్టిన సూదుల డబ్బాతో నేను సిద్ధం. ఆయన అరగంట ఉపన్యసించారు. అందరూ విన్నారు, ఒక్కరూ కదల్లేదు.

చివరికి వంకాయలమ్మే ఒక అవ్వ లేచింది. "అయ్యా, గంత మంచిదైతే ముందుగాల నువ్వేయించుకో. మేం చూస్తం."

"నాకా? నాకెందుకు..." అన్నారు మెంబరుగారు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"ఏందీ, జైలుకు సుత పోయొచ్చినవంట, గీ సూదికి పరేషాన్ అయితున్నవా?"

జనం గొల్లున నవ్వారు. ఆయన లాల్చీ చెయ్యి పైకి మడిచి, నాకు మాత్రమే వినబడేట్టు, "బిడ్డా, చెప్పకుండ ఏసెయ్" అన్నారు. నేను జబ్బకు స్పిరిట్ దూది రాశాను, అంతే. సూది ఇంకా నా చేతిలోనే ఉంది, ఆయన వెళ్లి వంకాయల గంపలో పడ్డారు.

"అయ్యో, నా వంకాయలు!" అంది అవ్వ. ఆ తర్వాతే ఆయన ముఖాన నీళ్లు చల్లింది. చెప్పకుండా వేయమన్నారు కదా అని, ఆయన తెలివి తప్పి ఉండగానే నేను సూది వేసేశాను.

ఆయన కళ్లు తెరిచేసరికి అవ్వ బల్ల ముందు కూర్చుని ఉంది. "సూది ఏయ్ బిడ్డా. మొగోళ్ల సంగతి చూసినం గద." ఆడవాళ్లంతా ఆమె వెనక వరుస కట్టారు. ఇక మగవాళ్లకు తప్పలేదు. మధ్యాహ్నానికల్లా తెచ్చిన మందంతా అయిపోయింది.

"రేపు పద్మారావు నగర్ పోదాం" అన్నారాయన, నెత్తి తడుముకుంటూ.

"మళ్లీ పడిపోతే ఎలా సార్?"

"పడితే మంచిదే. నా ఉపన్యాసం కన్న గదే పనిచేసింది."

ఆ నెలలో ఆయన ఇంకో మూడు చోట్ల పడ్డారు. పక్కవాళ్లకు వేస్తుంటే చూసినా చాలు. నటన అన్నవాళ్లూ ఉన్నారు. నాడి పట్టుకున్నదాన్ని, నాకు తెలుసు.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉండగానే, ఒక వానాకాలం, ఆయన గుండె ఆగి పోయారు. ఒక బడి హాల్లో సంతాపసభ పెట్టారు. నలుగురు వక్తలూ ఆయన్ని భయమెరుగని ధీరుడన్నారు. దవాఖానా తరఫున రెండు ముక్కలు చెప్పమని అధ్యక్షులవారు నన్ను పిలిచారు. నేను రాసుకొచ్చిన కాగితంలోనూ ఆ ధీరుడే ఉన్నాడు. అది చదవబుద్ధి కాలేదు. వంకాయల గంప సంగతి చెప్పేశాను.

అధ్యక్షులవారు దగ్గారు. ముందు వరుసలో మెంబరుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాను. చూస్తే ఆమె నవ్వుతోంది.

"ఇంట్ల ముల్లు తీసినా గంతేనమ్మా. కండ్లు మూసుకొని నా చెయ్యి పట్టుకుంటుండె."

అప్పుడు హాలంతా నవ్వింది. తలా ఒక సంగతి చెప్పడం షురూ చేశారు. ఎవరో విగ్రహం పెడదామన్నారు. ఆమె వద్దంది. "దవాఖానకు ఇంకో అర్ర కట్టుండ్రి. ఆడోళ్లు ఎండల నిలబడుతున్నరు."

ఇంటికెళ్లాక సభ ఎలా జరిగిందని నాన్న అడిగారు. బాగా జరిగిందని చెప్పబోయి ఏడ్చేశాను.

ఆ గది కట్టడానికి ఏడాదిన్నర పట్టింది. మెంబరుగారే ఉంటే ఆర్నెల్లలో అయ్యేది.