మెషీన్ రోజు చాక్లెట్

ఈ చాక్లెట్ చేయడానికి చదువు అక్కర్లేదు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా అక్క కోడలు రాస్తోంది.

పల్లీలు దోరగా వేయించి, పొట్టు రాల్చి, కరెంటు కుక్కర్ మట్టికుండ అడుగున పరవాలి. వాటి మీద చాక్లెట్ పలకలు, నల్లవీ తెల్లవీ, చాకుతో ముక్కలు కొట్టి వేయాలి. నీళ్లు పోయకూడదు, నూనె పోయకూడదు. మూత కింద పాత నూలుగుడ్డ నాలుగు మడతలు పెట్టాలి. ఎందుకంటే మూతకు పట్టిన ఆవిరి ఒక్క చుక్క లోపల పడినా చాక్లెట్ అంతా ఇసుకలా గడ్డకడుతుంది. స్విచ్చి తక్కువ మంట వైపు తిప్పి, గంటసేపు దాని జోలికి పోకూడదు. తర్వాత ఒకసారి కలిపి, ఇంకో అరగంట ఆగి, బటర్ పేపర్ మీద చెంచాతో ముద్దలు ముద్దలుగా పెట్టి, ఫ్యాను వేసి వదిలేయాలి. అంతే. పండగ పూట పది ఇళ్లకు పంచొచ్చు.

మా ఆయన ఈ చాక్లెట్‌ను చూసి అనేవాడు: "నాకు, దానికి ఒకటే జబ్బు. నీళ్లు పడయి."

ఆయన కిడ్నీలు పాడయ్యాయి. రోజుకు తాగాల్సిన నీళ్లు ఒక చిన్న సీసాలో పోసి పెట్టేదాన్ని. మంగళవారం, శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఉన్న దవాఖానలో మెషీన్ మీద రక్తం కడిగేవాళ్లు. కడిగించుకుంటే మూడు రోజులు మనిషి మనలాగే ఉండేవాడు. తినకూడనివి, తింటే గుండె మీదికి వచ్చేవి ఏమిటో అక్కడి సిస్టర్ చదివి చెబితే నేను వేళ్ల మీద లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నాను. టమాట, అరటిపండు, కొబ్బరినీళ్లు, పల్లీలు, చాక్లెట్. అది విని ఆయన నవ్వాడు. "మా ఇంట్ల ఏముంటే గవే రాసినట్టున్నరు సిస్టరమ్మా" అన్నాడు.

అసలు ఆ కుక్కర్ మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఎల్బీనగర్‌లో కోస్తా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఇంట్లో నేను వంట చేసేదాన్ని. దుబాయిలో ఉన్న వాళ్ల చెల్లెలు ఆ కరెంటు కుక్కర్ తెచ్చిచ్చింది. లోపల బరువైన మట్టికుండ, పైన అద్దం మూత. మొదటిరోజు అందులో మటన్ వేస్తే రాత్రయినా ఉడకలేదు. ఇంట్లోవాళ్లు ఆకలికి ఆగలేక బిస్కెట్లు తిని పడుకున్నారు. దాన్ని అటక మీద పెట్టేశారు. మళ్లీ క్రిస్మస్‌కు టీచరమ్మ దించి, అందులో చాక్లెట్ చేయడం నాకు నేర్పింది. పండగ అయ్యాక నా చేతిలోనే పెట్టింది.

"పట్టుకెళ్లమ్మా. మీ ఆయన ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు కదా. ఏదో ఒక కాలక్షేపం అవుద్ది."

ఆయన పోచంపల్లి దగ్గర మగ్గం ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు నూలుకు రబ్బరు చుట్టి ముళ్లు కట్టేవాడట, రంగు అక్కడికి ఎక్కకుండా; ఆ పనిని చిటికి అంటారు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో నిలబడి చీరలు విప్పి చూపించే పని చేశాడు. కాళ్లు వాచాక ఆ నిలబడటం పోయింది. పని పోయిన మనిషికి ఆ కుక్కర్ దొరికింది.

నేను చేస్తే ముద్దలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆయన పెడితే కాగితం మీద చీర అంచు పరిచినట్టు వరుసలు. వంకర పోయేది కాదు. "గిది సూడు, గిది మన చిటికి" అనేవాడు. చెంచా అంచుకు అంటింది కూడా నాలుక మీద పెట్టుకునేవాడు కాదు. గుడ్డతో తుడిచేసి, ఆ గుడ్డ నాకిచ్చేవాడు. తిట్టినా, దొంగతనంగా తిన్నా నాకు అంత బాధ ఉండేది కాదు.

ఒకరోజు దవాఖానలో పక్క మంచం మీది ముసలాయన మెషీన్ ఎక్కిన వెంటనే అరటిపండు ఒలుచుకుని తింటున్నాడు. నేను సిస్టర్‌ను అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పింది.

"మెషీన్ ఎక్కేటప్పుడు చిన్న ముక్క ఏదన్నా తింటే కడిగేస్తది అమ్మా. గట్లని నేను చెప్పిన అనకు. పెద్దసారు నన్ను తింటడు."

ఆ మాట నేను చీర కొంగులో ముడేసుకున్నట్టు తెచ్చుకున్నాను. ఆనాటి నుంచి మెషీన్ రోజు పొద్దున ఆటో ఎక్కేముందు ఒకే ఒక్క చాక్లెట్ ఆయన నోట్లో పెట్టేదాన్ని. కొరికేవాడు కాదు. బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ దాటేటప్పుడు పళ్ల వాసన కొట్టేది. అక్కడ చాక్లెట్ అయిపోయి పల్లీ మిగిలేది. దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక పల్లీ నమిలేవాడు. ఈ సంగతి ఆయనకు, నాకు, సిస్టర్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆటో నడిపే తమ్ముడికి కూడా.

ఆ తమ్ముడు మా గల్లీలోనే కిరాయికి ఉండేవాడు. మాకు చుట్టం కాదు. ఆయన్ను అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. ఎప్పుడన్నా పల్లీ నములుతున్న చప్పుడు విని "ఏం తింటున్నవే అన్నా?" అంటే, "మీ వదిన తిట్లు తమ్మీ, జర గట్టిగున్నయ్" అనేవాడు మా ఆయన.

తెలంగాణ కోసం సమ్మె చేసిన ఏడాది వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులకు, బళ్లకు తాళాలు. కరెంటు గంటలు గంటలు పోయేది. ఆ మట్టికుండకు ఒక్క మంచి గుణం, కరెంటు పోయినా వేడి పట్టుకుని కూర్చునేది. ఆయన "నీ కుక్కర్ సుత సమ్మెల ఉన్నదే" అని నన్ను ఆటపట్టించేవాడు. సాయంత్రం కండువా వేసుకుని, కర్ర పట్టుకుని పోయి, రోడ్డు పక్క టెంటులో ఒక గంట కుర్చీ మీద కూర్చునేవాడు. నినాదం ఇచ్చే ఊపిరి లేదు. చెయ్యి మాత్రం ఎత్తేవాడు.

టీచరమ్మ ఆయన్ను ఒకసారి నేరుగానే అడిగింది. "ఏమయ్యా, తెలంగాణ వస్తే మమ్మల్ని పొమ్మంటారా?"

"మీరు గా కుక్కర్ వాపస్ అడగకుంటే చాలమ్మా, మీ జోలికి ఎవ్వలొస్తరు" అన్నాడు. ఆమె నవ్వింది. కళ్లు తుడుచుకుంది కూడా.

దసరాకు టెంటులో ఉన్నవాళ్లకు పంచుదామని చాక్లెట్ చేశాం. పొద్దున కుండ పెట్టాం, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, అయినా కుదిరింది. అందరూ చేతిలో జమ్మి ఆకు పెట్టి, ఆయన్ను కావలించుకుని, ఆయన చేసిన చాక్లెట్ తిని, ఇంకోటి అడిగి తీసుకున్నారు. ఆయన పళ్లెం పట్టుకుని తిరిగాడు. ఒకాయన ఆయన నోట్లోనే పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అందరి దసరా ఇయ్యాల. నా దసరా శుక్రారం" అన్నాడు. వాళ్లకు అర్థం కాలేదు. నాకు అయ్యింది.

శుక్రవారం పొద్దున స్నానం చేయించి, కొత్త అంగీ తొడిగి, డబ్బా తెరిచాను. ఒకటి పెట్టాను. "పండుగ గదనే" అన్నాడు, చిన్నపిల్లవాడిలా చెయ్యి చాపి. రెండోది పెట్టాను. ఆయన ముఖం చూసి మూడోది నేనే పెట్టాను. ఆయన అడగలేదు. ఇది సరిగ్గా రాయి కోడలా. మూడోది ఆయన అడగలేదు.

"ఏం గాదు, మెషీన్ కడిగేస్తది" అన్నాను.

బుగ్గలో ఇంకా చాక్లెట్ ఉండగానే ఆటో తమ్ముడు వచ్చాడు. ఖాకీ అంగీ లేదు, ఆటో తేలేదు.

"అన్నా, ఇయ్యాల మన దిక్కు బంద్ అన్నరు. రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. దవాఖాన చీటీ చూపిస్తే ఇడుస్తున్రు. బండి తీసుకొస్త, నడు."

ఆయన చాక్లెట్‌ను బుగ్గ పక్కకు తోసుకున్నాడు. "గిన్ని దినాలు టెంట్ల కూసొని, ఇయ్యాల నేనే బండెక్కి వాళ్ల నడుమల నుంచి పోవాల్నా? మంచిగుండదు తమ్మీ. రేప్పొద్దున పోదాం."

"దవాఖానకు బంద్ ఏందే? ఏం వదినా, నువ్వు చెప్పు."

తమ్ముడు నా వైపు చూశాడు. ఆయన కూడా చూశాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఆయన మూడు చాక్లెట్లు తిన్నాడు, ఇవాళ పోకపోతే కుదరదు. అది నా నోట్లోనే ఉంది. కానీ చెబితే తమ్ముడు తిడతాడు, గల్లీలో తెలుస్తుంది, సిస్టర్ ఉద్యోగం మీదికి వస్తుంది. మొగుడికి తినకూడనిది పెట్టిన ఆడది అంటారు. అంతకుముందు ఒకసారి ఒక రోజు ఆలస్యంగా పోయాం, ఏమీ కాలేదు కూడా. ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను.

"ఆయన ఇష్టం తమ్మీ" అన్నాను.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. "చెయ్యి నాది గానట్టున్నదే" అన్నాడు. కాసేపటికి కాళ్లూ అంతే. లేవబోతే కూలబడ్డాడు. నేను గల్లీలోకి పరిగెత్తి తమ్ముణ్ణి కేకేశాను.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగలు, అన్నం ఉడుకుతోంది. తమ్ముడు "పేషెంట్! పేషెంట్!" అని అరిచాడు. చీటీ ఎవరూ అడగలేదు. ఆయన ముఖం చూసి గుర్తుపట్టారు. "అరే, మన చాక్లెట్ అన్న! జరుగుండ్రి!" అన్నారు. పొయ్యిలో బిందెడు నీళ్లు గుమ్మరించి, ఉడుకుతున్న గుండిగను బట్టలతో పట్టి పక్కకు లాగారు. ఒకాయన కండువా ఊపుకుంటూ కొత్తపేట దాకా మా ఆటో ముందు పరిగెత్తాడు. పొద్దున వచ్చి ఉంటే కూడా ఇట్లాగే పంపేవాళ్లు. ఆటోలో కూర్చుని ఆ మాటే అనుకున్నాను. ఆయన తల నా ఒళ్లో ఉంది.

దవాఖానలో డాక్టరు ఛాతీకి వైర్లు పెడుతూ అడిగాడు. "పొద్దుట్నుంచి ఏం తిన్నాడమ్మా?"

"ఇడ్లీ సార్."

"పండ్లు గిట్ల పెట్టినవా? నిజం చెప్పు."

"లేదు సార్. ఇడ్లీనే."

పక్కన సిస్టర్ ఉంది. దూదితో ఆయన నోటి మూల తుడిచింది. దూదికి అంటిన మరక చూసి, నా వైపు చూసి, బుట్టలో వేసింది. సూది మీద సూది వేశారు. మెషీన్ దగ్గరికి తీసుకుపోయేలోపే ఆయన గుండె ఆగింది. బయట ఇంకా ఎండ ఉంది.

పదకొండో రోజు తర్వాత కాగితాల కోసం పోయి, సిస్టర్ కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె లేపి కూర్చోబెట్టింది.

"నేను అప్పుడే సార్‌కు చెప్పినమ్మా. నువ్వు ఇడ్లీ అన్నా, ఏమన్నా, గా సూదులే ఏసేటోళ్లు. నీ అబద్ధంతోని పోలే ఆయన. ఒక్క పూట ఆగుడుతోని పోయిండు."

నా బరువు దించుదామనే అన్నది. కానీ అబద్ధం బరువు పోయి, పొద్దున నోరు మూసుకున్న బరువు మీద పడింది.

ఆటో తమ్ముడు మాత్రం తప్పు తనదే అనుకున్నాడు. గుంజుకుని పోవాల్సింది, బంద్ అని తానే ముందు చెప్పి చెడగొట్టాడట. తాగిన రోజు మా గడప ముందు కూర్చుని అదే చెప్పి ఏడ్చేవాడు. ప్రతి శుక్రవారం కొత్తపేట రైతుబజారు నుంచి కూరగాయల సంచి తెచ్చి తలుపు పక్కన పెట్టేవాడు. పైసలిస్తే తీసుకునేవాడు కాదు. రెండేళ్లకు పైగా ఆ కూరగాయలు వండుకుని తిన్నాను. నీ తప్పు కాదు తమ్మీ అనేదాన్ని. ఎందుకు కాదో చెప్పేదాన్ని కాదు.

తెలంగాణ వచ్చిందని తెలిసిన రోజు గల్లీ అంతా రంగులు, పటాకులు, డప్పులు. తమ్ముడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. నా చేతిలో ఒక ముక్క పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

"అన్న సూడాల్సింది వదినా. నేను తినిపిచ్చేటోణ్ణి. నేనే పోగొట్టుకున్న."

ఆ ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. అక్కడే, డప్పుల మధ్యనే చెప్పాను. మూడు చాక్లెట్లు చెప్పాను. ఆయన బుగ్గలో అది ఉండగానే నువ్వు నన్ను అడిగావు తమ్మీ అని చెప్పాను.

తమ్ముడు ఏడుపు ఆపేశాడు. తిట్టలేదు.

"గా పొద్దుగాల గీ మాట చెప్తే, భుజాన ఏస్కొని పోతుంటి గద వదినా" అన్నాడు.

డబ్బా మూత పెట్టి, గడప దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి శుక్రవారం రాలేదు. నేను ఎదురు చూడలేదని చెప్తే అబద్ధం. చీకటి పడేదాకా తలుపు తెరిచే పెట్టాను.