కెప్టెన్‌గారి కార్బన్ సైకిల్

యాభై ఒకటో ఏట ట్రయాథ్లాన్‌కి పేరిచ్చాను. ఈత, సైకిలు, పరుగు మూడూ ఆపకుండా వరసగా చేయాలి. ఈత ఇక్కడ కెనడాలో, మా ఒషావా ఊళ్ళో సిటీ పూల్‌కి వెళ్ళి, చిన్నపిల్లల పక్క లేన్‌లో నీళ్ళు మింగుతూ నేర్చుకున్నాను. పరుగంటే ఎలాగో కాళ్ళీడ్చుకుంటూ అయినా పూర్తి చేస్తాననుకున్నాను. సైకిలు సంగతే తెలియలేదు. అందుకని మార్కమ్‌లో తెలుగువాళ్ళ సైక్లింగ్ గ్రూపులో చేరాను.

పదిమంది మగవాళ్ళు, నాతో కలిపి ఇద్దరాడవాళ్ళు. ఆదివారం పొద్దున్నే ఒక కాఫీ షాపు ముందు కలుస్తారు. గంటసేపు తొక్కుతారు, రెండు గంటలు మాట్లాడతారు. ఆ మాటలన్నీ బరువు గురించే. ఎవరి ఫ్రేమ్ ఎన్ని గ్రాములు తేలిక, ఎవరి చక్రాలు ఎన్ని గ్రాములు తేలిక. మాట్లాడేవాళ్ళ పొట్టలు మాత్రం బిగుతు జెర్సీల కింద నిండు చెంబుల్లా ఉండేవి. ఆ గ్రాముల ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

వాళ్ళకో నాయకుడున్నాడు. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్. అందరూ ఆయన్ని కెప్టెన్‌గారు అనేవారు. నేను అల్యూమినియం ఫ్రేమ్ కొందామనుకుంటున్నానని చెప్పగానే, వాసన వచ్చిన పప్పు ముందు పెట్టినట్టు మొహం పెట్టారు.

"అల్యూమినియమా! రేసుకా! మేడమ్, అది ఊగీ ఊగీ ఫెటీగ్ అయిపోతుంది. ఫెటీగ్ అంటే ఏంటంటే..." అని మొదలుపెట్టారు.

నేను ఇరవయ్యేళ్ళుగా కారు విడిభాగాల ఫ్యాక్టరీలో లోహాల పరీక్ష చేస్తున్నాను. అల్యూమినియం ముక్కల్ని లక్షలసార్లు ఊపి, విరగ్గొట్టి, ఎందుకు విరిగాయో కాగితం మీద రాయడమే నా ఉద్యోగం. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా పావుగంట నాకు ఫెటీగ్ గురించి, అంటే లోహం ఊగి ఊగి అలిసి విరగడం గురించి, పాఠం చెప్పారు. నేను కాఫీ తాగుతూ విన్నాను.

షాపులో అల్యూమినియందీ, కెప్టెన్‌గారు తొక్కే రకం కార్బన్ ఫైబర్‌దీ రెండూ తొక్కి చూశాను. అబద్ధమాడను, కార్బన్ హాయిగా ఉంది. గతుకుల రోడ్డు మీద కూడా మెత్తగా పోయింది. అల్యూమినియం ప్రతి గుంతనీ భుజాలదాకా మోసుకొచ్చింది. కానీ నేను సామాన్లు జాగ్రత్తగా వాడే మనిషిని కాను. సైకిల్ని కారు డిక్కీలోకి తోసేస్తాను, ఎక్కడ పడితే అక్కడ ఆనిస్తాను. అల్యూమినియానికి దెబ్బ తగిలితే చాలావరకు సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్‌కి లోపల పొరలు విడిపోయినా పైన రంగు మెరుస్తూనే ఉండొచ్చు. అలాంటి నంగనాచి వస్తువు నాకొద్దనిపించి, అల్యూమినియందే తెచ్చుకున్నాను.

జూన్‌లో కెప్టెన్‌గారు ఫోన్ చేశారు. తన కార్బన్ సైకిలు కారు టాప్ మీద ఉందన్న సంగతి మరిచిపోయి కారుని నేరుగా గరాజ్‌లోకి పోనిచ్చారట. పైన దూలానికి సైకిలు గట్టిగా కొట్టుకుందట.

"మీరు మెటీరియల్స్ మనిషి కదా, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నారు. ఫెటీగ్ పాఠం మర్చిపోయినట్టున్నారు.

వెళ్ళి చూశాను. సీటు కింద గొట్టం మీద వెంట్రుకంత గీత. నాణెంతో ఫ్రేమంతా తట్టుకుంటూ వచ్చాను. మిగతా చోట్ల టక్ టక్ అని గట్టిగా మోగింది. ఆ గీత దగ్గర దబ్ దబ్ అంది.

"పెయింట్ గీతే కదండీ?"

"కాదండీ. లోపల పొరలు విడిపోయినట్టున్నాయి. స్కాన్ తీయించేదాకా దీన్ని ఎక్కకండి. హఠాత్తుగా విరుగుతుంది."

"సరేలెండి, గోడకి తగిలించేస్తాను" అన్నారు.

మూడు వారాల తర్వాత ఆదివారం, గ్రూపులో ఇంకో ఆడమనిషి ఆ సైకిలు మీద వచ్చింది. ఖమ్మం వైపు అమ్మాయి, వృద్ధుల హోమ్‌లో నర్సు. గీత ఉన్న చోట ఎర్రటి మేపుల్ ఆకు స్టిక్కర్ అంటించి ఉంది.

"మంచిగుంది కదా అక్కా? కెప్టెన్‌గారే అమ్మారు. నాకని తగ్గించారు."

ఆయన కాఫీ కప్పు పట్టుకుని పక్కనే నిలబడి నావైపు చూశారు. పదిమంది ముందు గొడవెందుకని హెల్మెట్ బిగించుకుని ఊరుకున్నాను. వాళ్ళని ఇంతలా తిడుతున్నాను గానీ, ఆ కాసేపు నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

ఐదారు కిలోమీటర్లు ఆమె వెనకే తొక్కాను. నా చూపంతా ఆ స్టిక్కర్ మీదే. ముందు పెద్ద దిగుడు వస్తుందనగా ఇక ఉండబట్టలేదు.

"ఆగు! దిగు! సైకిలు దిగు!" అని అరిచాను.

ఆమె బెదిరిపోయి ఆపింది. గోటితో స్టిక్కర్ పీకేశాను. గీత అప్పటికి వేలంత పొడవైంది. ఈలోగా కెప్టెన్‌గారు వచ్చారు.

"ఎందుకండీ ఆవిణ్ణి భయపెడతారు?"

"మీ గరాజ్‌లోనే చెప్పాను కదా, ఎక్కొద్దని."

"మీకు కార్బన్ అంటే మొదట్నుంచీ పడదు. అది వేరే విషయం."

ఒక మనిషి ప్రాణం సంగతి ఆయనకి నా అభిరుచి కింద తేలింది. మిగతావాళ్ళలో ఒకాయన నీళ్ళ సీసా మూత విప్పాడు, ఒకాయన గేర్లు చూసుకున్నాడు. కాసేపటికి ఎవరో "లేటవుతోంది" అన్నారు. అందరూ దిగుడు మీదుగా తేలికైన సైకిళ్ళేసుకుని జారుకున్నారు.

మేమిద్దరం సైకిళ్ళు నడిపించుకుంటూ వెనక్కి నడిచాం. సగం దారిలో ఆమె అడిగింది.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదక్కా?"

తప్పయిందన్నాను. ఆమె తలూపింది, అంతే.

కెప్టెన్‌గారు సైకిలు వెనక్కి తీసుకున్నారు. గీత సంగతి తనకి తెలియనే తెలియదని వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారట. నేను చదవలేదు, ఆ సాయంత్రమే నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆమె కూడా నాకు ఫోన్ చేయడం తగ్గించింది. ఆవిణ్ణి తప్పుపట్టను.

ఆగస్టులో రేసు. చెరువులో ఎవరో మడమతో నా ముక్కు మీద తన్నారు. సైకిలు మీద భుజాలు హూనమయ్యాయి, అందులో అల్యూమినియం పాలు కూడా ఉంది. కెప్టెన్‌గారు కూడా అదే రేసులో ఉన్నారు, కొత్త కార్బన్ మీద నన్ను దాటిపోయారు. నేను చివర్నుంచి ఏడోదాన్ని. ముగింపు గీత దాటేసరికి ఆయన మెడలో మెడల్‌తో, ఫొటో తీసేవాడి ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడి ఉన్నారు.

"కంగ్రాట్స్ అండీ! మొత్తానికి పూర్తి చేశారు" అన్నారు, ఏమీ జరగనట్టు.

నేను గడ్డిలో కూచుని తడి మేజోళ్ళు విప్పుకుంటున్నాను. తలెత్తలేదు. రెండోది కూడా విప్పి, నీళ్ళు పిండాను.