ఒక్కరు తగ్గినా కదలని బండి

మా పాటక్క పోయిందని మొన్న శుక్రవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. కువైట్‌లో, ఫర్వానియాలోని మా మెస్‌లో చారుకు పోపు పెడుతున్నాను. పోపు మాడిపోయింది. ఫిలిప్పీన్స్‌లో ఒక ఊరికి మూడుసార్లు మేయరైన మనిషి నాకు అక్క ఎలా అయిందో మీకు చెప్పాలి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో నేను జహ్రాలో ఒక ఇంట్లో పని చేసేదాన్ని. మామా వాళ్లు, అంటే నా వీసా తీసిన యజమానులు, సెలవులకని దేశం దాటి వెళ్లారు. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండిపోయింది. పక్కింటి డ్రైవరు, రాయచోటి ఆయన, గేటు దగ్గర హారన్ కొట్టాడు.

"ఒక్కదానివే ఈడ ఎట్లుంటావు మ్మా? మీ కఫీల్ వాళ్లు ఇప్పట్లో రారు. బండెక్కు."

ఫర్వానియాలో ఆడవాళ్లు తలదాచుకున్న ఒక ఫ్లాటు దగ్గర దించాడు. తలుపు తీసింది పాటక్కే. హోటల్లో పాటలు పాడేదట. తళుకుల గౌను మీద తువ్వాలు చుట్టుకుని పప్పు కలుపుతోంది. వారం తిరక్కుండా మా అందరికీ పెద్దదిక్కయింది.

కొన్నాళ్లకు మా ముప్పై మందికీ జోర్డాన్ దాకా ఒక బస్సు దొరికింది. ఎక్కేముందు అక్క అందరికీ ఒకే బాణీ నేర్పి, తలా ఒక ముక్క పంచింది. ఎవరి భాషలో వాళ్లది. నాది మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటలోది. బస్సు ఆగిన ప్రతిచోటా, మళ్లీ ఎక్కాక వరసగా పాడాలి. ఏ గొంతు వినపడకపోతే ఆ మనిషి ఎక్కనట్టు. చివరి ముక్క ఆమెది. అది పాడాకే బండి కదలాలి.

"నాకు పాడేకి రాదక్కా, సిగ్గు."

"రాకపోతే కేకెయ్. నువ్వున్నావని తెలిస్తే చాలు" అంది, మా ఇద్దరికీ వచ్చీరాని అరబీలో.

నేను సణిగేదాన్ని. చెల్లి గొంతులో దోమ దూరిందని అందర్నీ నవ్వించేది.

ఇరాక్ లోపల ఒక చెక్‌పోస్టులో అందర్నీ దించారు. నా దగ్గర ఇఖామా, అదే కువైట్‌లో ఉండేందుకిచ్చే కార్డు, దాని జిరాక్స్ తప్ప ఏ కాగితమూ లేదు. ఒక సైనికుడు నన్ను వెనక గదిలోకి నెట్టి తలుపేశాడు. ఆ తోపులాటలో మావాళ్లెవరూ చూడలేదు. కాసేపటికి బస్సు స్టార్టయిన చప్పుడు. నా పని అయిపోయిందనుకున్నాను.

అంతలో పాట మొదలైంది. నా వంతు దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచీ పాడారు. మళ్లీ అక్కడే ఆగింది.

"ఖలాస్! యల్లా!" ఇక చాలు, పదండని బస్సు డ్రైవరు అరుస్తున్నాడు.

"ఒక్కరు తగ్గినా బండి కదలదు!" అది అక్క గొంతు.

మూడోసారి నా వంతు రాగానే గోడ మీద పిడికిళ్లతో గుద్దుతూ అరిచి పాడాను. నా బతుకులో మొదటిసారి గొంతెత్తాను. మిగతా ఇరవై తొమ్మిది మందీ పాడుతూనే దిగొచ్చి తలుపు ముందు నిలబడ్డారు. చెక్‌పోస్టు ఆఫీసరు తలుపు తీయించి, చెవులు మూసుకున్నాడు.

"తీసుకుపోండి! ఈ గోల ఆపితే చాలు!"

బస్సెక్కాక అక్క తన ముక్క పాడింది. బస్సు కదిలింది.

యుద్ధం అయ్యాక నేను మళ్లీ కువైట్‌కే పనికొచ్చాను. అక్క వాళ్ల దేశం చేరాక టీవీలో జనాన్ని నవ్వించి ఇంటింటికీ తెలిసిన మనిషయింది. ఎన్నికల్లో నిలబడితే, పాటలు పాడుకునేదానికి పాలనేం తెలుసని ఎదుటివాళ్లు ఎగతాళి చేశారు. ఆమె గోడల మీద రాయించింది ఒకే మాట, ఒక్కరు తగ్గినా బండి కదలదని. గెలిచిన రోజున నాకు ఫోన్ చేసింది.

"చెల్లీ, ఈసారి బస్సు కాస్త పెద్దది!"

తుపానుకు ఊరు ఖాళీ చేయించినప్పుడు వీధికో ముక్క పంచి పాడించిందట. ఒక వీధి గొంతు వినపడకపోతే తానే పడవెక్కి వెళ్లిందట. ఆ ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

నిన్న అక్క కూతురు వీడియో పంపింది. అక్కను తీసుకెళ్లే వ్యాను చుట్టూ ఊరంతా ఉంది. వీధి తర్వాత వీధి తమ ముక్క పాడుతోంది. మెస్‌లో అందరూ చూస్తుండగానే నా ముక్క నేనూ గొంతెత్తి పాడాను.

చివరి ముక్క వచ్చింది, అక్కది. అది పాడితే బండి కదులుతుంది. అంత జనంలో ఒక్కరూ నోరు మెదపలేదు. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, వాళ్లతోపాటు నిలబడ్డాడు.