సుశీల కోసం భీమడోలులో ప్రార్థన

నేనూ, నాతోపాటు ఒకే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఎస్తేరు టీచరూ కలిసి ఒక నవల చదువుతున్నాం. నేను ఏలూరులో, ఆవిడ భీమడోలులో. రోజుకొక్క అధ్యాయం, సాయంత్రం ఫోన్లో చర్చ. ముందుకు చదవకూడదన్న నియమం పెట్టింది నేనే. నిన్నటి అధ్యాయంలో కథానాయిక సుశీలకు పెద్ద జబ్బు చేసింది.

ఈ సాయంత్రం ఫోన్లో ఆవిడ గొంతు బాగా తగ్గింది.

“ఏవండీ, పొద్దున మా చర్చి స్త్రీల కూడికలో మన సుశీల కోసం ప్రార్థన చేయించానండీ.”

“నవల్లో మనిషని చెప్పారా?”

“ఏడుపులో మర్చిపోయానండీ. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, మధ్యలో ఏం చెప్పను? పాస్టరమ్మగారు ఆదివారం కమలాపళ్ళు పట్టుకుని సుశీలని చూడ్డానికి వస్తారట. మీ ఇంట్లో ఉందని చెప్పేశాను.”

“మా ఇంట్లోనా! మంచం కూడా వేసి ఉంచమంటారా?”

“కోప్పడకండి. ఆదివారంలోపు ఇంకా మూడు అధ్యాయాలున్నాయి కదా, ఈలోగా తగ్గిపోతుంది. అంతమందిమి ప్రార్థించామండీ!”

అసలు సంగతేమిటంటే, మొన్ననే ఆగలేక నేను నవల చివరిదాకా చదివేశాను. శనివారం చదవాల్సిన అధ్యాయంలో సుశీల చచ్చిపోతుంది. పాపం, ఎస్తేరు టీచర్ని ముందే సిద్ధం చేద్దామంటే నా దొంగతనం బయటపడుతుంది. ఊరుకుంటే ఆదివారం పళ్ళబుట్ట నా గుమ్మంలో ఉంటుంది.

ముప్పయ్యేళ్ళు పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళని పట్టుకున్నాను గానీ, పట్టుబడ్డం ఎలాగో నాకు తెలీదు. అనుభవమున్న నా పాత విద్యార్థులెవరైనా ఉంటే చెప్పండి.