సన్మాన పత్రంలో లేని వాక్యం

వికారాబాద్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ వరండాలో ఈ వారం తాండూరు బండలు పరుస్తున్నారు. కోత మిషను కింద నీళ్ళు పడగానే లేచే తడి రాతిపొడి వాసన తరగతి గదిలోకి వస్తోంది. పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారు. నాకు మాత్రం ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు తాండూరులో నాకు ఇంటర్‌లో తెలుగు చెప్పిన అనంతయ్య సారు. ఇంకొకరు ఆ తరగతిలో నా పక్కన కూర్చున్న మొగులమ్మ. సారు గుర్తొస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. మొగులమ్మ గుర్తొస్తే, దాచుకోవడమెందుకు, ఇప్పటికీ కడుపు మండుతుంది.

సారు కొడంగల్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. సిలబస్ త్వరగా ముగించి, పాత కవులు రాజులను ఎలా ఎగతాళి చేశారో చెప్పడమంటే ఆయనకు ప్రాణం. కరువుకు జనం రాలిపోతుంటే, ప్రభువుల పాలనలో నక్కలకూ గద్దలకూ తిండికి లోటు లేదని నిండు సభలో పొగిడిన కవుల సంగతి చెప్పేవారు. మేము పగలబడి నవ్వేవాళ్ళం. ఆయన మా నవ్వు ఆగేదాకా కిటికీ దగ్గర నిలబడి, అప్పుడు ఇటు తిరిగేవారు.

"నవ్వుడు అయ్యిందా? ఇగ జెప్పుండ్రి. గీ పద్యంల సచ్చిందెవరు?"

మేము పద్యం మళ్ళీ మొదటి నుంచి చదువుకునేవాళ్ళం. "నవ్వినంక సచ్చినోళ్ళను ఎతుకాలె. ఎతుకకపోతే గది ఉత్త జోకు. రాజుగూడ నవ్వి ఊకుంటడు" అనేవారు.

నేను పప్పుల మిల్లు షావుకారు కూతుర్ని. పద్యాలన్నీ కంఠతా వచ్చు, మార్కులన్నీ నావే. మొగులమ్మ అమ్మానాన్నలు బండల పాలిషింగ్ పనికి పోయేవాళ్ళు. ఆమె ఒక్క పద్యమైనా తప్పు లేకుండా అప్పజెప్పింది లేదు. కానీ ఆమె సొంతంగా రాసిన నాలుగు ముక్కలు చదివితే సారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేవారు. నా నోటుబుక్కులో 'బాగుంది' అని రాసేవారు. రెండేళ్ళు నేను ఆ కళ్ళజోడు వైపే చూశాను. నాకోసం ఒక్కసారీ తీయలేదు. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొచ్చేది. ఓర్వలేనితనం అంటారే, అది నాకు చాలా చిన్నప్పుడే అబ్బింది.

రెండో ఏడు వార్షికోత్సవానికి పట్టణంలో ఒక పెద్ద నాయకుణ్ణి పిలిచారు. సన్మాన పత్రం రాయించే పని సారుది. "మీరిద్దరు రాయుండ్రి, మంచిది సదువుదాం" అన్నారు మాతో. సన్మాన పత్రానికి ఒక పద్ధతి ఉంటుంది. ప్రతి పేరాకూ పైన ఒక సంబోధన, దాని కింద దానికి తగ్గ పొగడ్త. నేను నిఘంటువు ముందేసుకుని 'దానశీలా!', 'విద్యాభిమానీ!' అంటూ మూడు రోజులు చెమటోడ్చాను. మొగులమ్మ అర పేజీ రాసింది. అందులో 'బాలబంధూ!' అన్న సంబోధన కింద ఇలా ఉంది: "గని గుంతలకు కంచె కట్టించకుండా మా పిల్లలకు ఈత నేర్పించారు. ఈత రాని పిల్లలు ఇప్పుడు మా బస్తీలో ఒక్కరూ లేరు."

సారు కళ్ళజోడు తీశారు. చాలాసేపు పెట్టుకోలేదు. "గిదే సదువుదాం" అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. "మొగులమ్మ రాసింది మీరొక్కసారి సూడుండ్రి సార్. వచ్చే పెద్దమనిషికి కోపమొస్తదేమో" అన్నాను. కాలేజీ మేలు కోరుతున్నదాన్నన్నట్టు ముఖం పెట్టాను. అంతే, సభలో నా పత్రమే చదివించారు. చప్పట్లు మోగాయి. నాయకుడు శాలువా సర్దుకుంటూ "మస్తు రాసినవమ్మా" అని, ఫ్రేము కట్టిన నా పొగడ్తలను కారులో పెట్టించుకుని వెళ్ళాడు. మొగులమ్మ సభకు రాలేదు.

మర్నాడు బస్టాండులో సారు ఎదురుపడ్డారు. తప్పించుకుందామనుకుంటే పిలిచారు.

"నువ్వే జెప్పినవని ఎరుకే బిడ్డా" అన్నారు. గొంతులో కోపం లేదు. "మొగులమ్మ రాసింది సదివితే నవ్వొచ్చిందా?"

"వచ్చింది సార్."

"నవ్వినంక సచ్చిందెవరని ఎతికినవా?"

లేదని తల ఊపాను.

"ఆమె తమ్ముడు. ఎనిమిదేండ్ల పోరడు. నీళ్ళు తాగబోయి గుంతల పడ్డడు. కంచె కట్టియ్యమని గా పెద్దమనిషికి మూడు అర్జీలు రాసింది. ఒక్కటి సదువలే. నలుగురి ముంగటనైనా వింటడనుకున్నది."

కొడంగల్ బస్సు వచ్చింది. సారు ఎక్కారు. నేను ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

తర్వాత క్షమించమని అడిగితే మొగులమ్మ నా వైపు చూడకుండానే, "పోనీ తియ్యి. నువ్వు సదువంగ బయట నిలవడి ఇన్న. నీదాంట్ల మాటలు మస్తుగుండె" అంది. పరీక్షలయ్యాక వాళ్ళ కుటుంబం పని వెతుక్కుంటూ కర్ణాటక వైపు వెళ్ళిపోయిందని విన్నాను. సారు పోయి కొన్నేళ్ళయింది. తమ్ముడి సంగతి తెలిశాకైనా నా కుళ్ళు చచ్చిపోతుందనుకున్నాను. చావలేదు. ఆమె దుఃఖం నాకు వద్దు, ఆ రెండు వాక్యాలు మాత్రం నావి కావాలి. ఇంత సిగ్గుమాలిన కోరికను ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను.

సారు నేర్పిన పద్ధతిలోనే నేనూ పాఠం చెబుతాను. ఏటా ఆ రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తాను. పిల్లలు ముందు నవ్వుతారు. చచ్చిందెవరని అడిగితే వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు ఠక్కున చెబుతారు. నాకంటే వాళ్ళు నయం. మొన్న అలాగే చెప్పిన ఒక అమ్మాయి, బంట్వారం నుంచి వచ్చే పిల్ల, లేచి నిలబడి నన్ను కొత్తగా చూసింది. "మేడం, గిది రాసింది మీరేనా?" అంది. అంత గౌరవంగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు బిలబిలా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ తరగతికి నాలుగుసార్లు వెళ్ళాను. మొగులమ్మ పేరు ఇంకా చెప్పలేదు.