లైటు కోసం కూర్చున్న పిల్ల

నా చిన్నప్పుడు రామచంద్రపురం దగ్గర మా ఊళ్లోకి సినిమా షూటింగు వచ్చింది. ఊరంతా పనులు మానేసి కాలవ గట్టు మీది పెంకుటింటి ముందే పడి ఉంది. గుంపులో ఉన్న నన్ను ఒక పెద్దాయన ఎగాదిగా చూసి, "ఇలా రామ్మా, ఈ పీట మీద కూర్చుందువు గాని" అన్నారు. ఇంకేముంది, సినిమాలో వేషం వచ్చేసిందనుకుని ముందు ఇంటికి పరుగెత్తాను. మా అమ్మ క్రిస్మస్ గౌను తొడిగి, నా నల్లటి మొహానికి పౌడరు దట్టంగా పట్టించి, చర్చివాళ్లందరినీ వెంటబెట్టుకుని మరీ తీసుకొచ్చింది.

ఆయన లైట్లు చూసే మాస్టారట. ముందు తడి తువ్వాలుతో ఆ పౌడరంతా తుడిచేసి, నన్ను ఇంటి లోపల కిటికీ పక్కన పీట మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతున్నట్టుండాలట ఆ సీను. బయట పెద్ద లైటు పెట్టించి, దాని ముందు పల్చటి గుడ్డ కట్టించారు. నా చెంప మీద వెలుగు ఎక్కువైందని ఒకసారి, కళ్ల కింద నీడ పడిందని ఒకసారి మారుస్తూనే ఉన్నారు. చెమటలు కారుతున్నా నేను కదల్లేదు. గుమ్మంలో మూగిన మా క్లాసు పిల్లల్ని ఓరగా చూస్తూ, అబ్బో, నా పోజు చూసి తీరాలి!

చివరికి ఆయన "రెడీ అండి" అనగానే కారులోంచి పట్టు పరికిణీ కట్టుకున్న పిల్ల ఒకతి దిగింది. ఎవరో నాతో "ఇక లేమ్మా" అన్నారు. నాకర్థంకాక కూర్చునే ఉంటే రెక్క పట్టుకుని లేపి, ఆ పిల్లని కూర్చోబెట్టారు. జనం గొల్లున నవ్వారు. "హీరోయిన్ గారొస్తున్నారండోయ్, తప్పుకోండి!" అని మా క్లాసువాళ్లు ఒకటే వెక్కిరింత. మా అమ్మ ఎవరి మొహమూ చూడకుండా గుంపులోంచి వెనక్కి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నూతి వెనక నక్కి ఏడుస్తుంటే మాస్టారు వెతుక్కుంటూ వచ్చారు. "ఆ పాపది నీ ఎత్తే, నీ రంగే. అందుకే నిన్ను కూర్చోబెట్టి లైటు సరిచూసుకున్నాం. లైటు కుదరకపోతే ఎంత బాగా నటించినా తెరమీద ఆనదమ్మా. ఇదంతా నీకు ముందే చెప్పాల్సింది. తప్పు నాదే" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. మా అమ్మ దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా అదే మాట చెప్పి దణ్ణం పెట్టారు. ఒక పెద్దమనిషి చిన్నపిల్లకి తప్పయిందని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అయినా నా సిగ్గు తీరలేదు.

ఆ సినిమా రామచంద్రపురం సినిమా హాల్లో ఆడినప్పుడు నేను పక్కింటి అక్కతో వెళ్లాను. ఆ సీను రాగానే ముందు వరసలో ఎవరో, "పిల్ల మొహం ఎంత కళగా ఉందండీ!" అన్నారు. ఆ ఎండ నా చెంప మీద కుదిరిన ఎండేనని చెప్పాలనిపించింది. చెబితే మళ్లీ నవ్వుతారని తెరకేసే చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ మాత్రం ఆ సినిమాకి రాలేదు. ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

టీచరుగా చేసి రిటైరయ్యాను. మా చర్చిలో పిల్లల నాటకాలు ఇప్పటికీ నేనే వేయిస్తాను. ఏ పిల్లని ముందుకు పిలిచినా, ఎందుకు పిలుస్తున్నానో ముందే చెబుతాను. వాళ్లమ్మ అక్కడుంటే ఆవిడకీ చెబుతాను.